డీడీ గారిని లాగే బండి

ఎద్దుల్లేకుండా బండి కొన్నవాణ్ణి పల్లెటూళ్లో వెర్రివాడంటారు. అదే పని మూడు కమిటీలు వేసి, పదకొండు సంతకాలు చేయించి, నూట ఎనభై పేజీల ఫైలు పెట్టి చేస్తే దాన్ని విహార వసతుల మండలి అంటారు.

ఆ మండలి పెద్దాయన ఒకరు విదేశాలకు అధ్యయన యాత్ర వెళ్లి వచ్చారు. అక్కడి జనం ఇంటిని బండి వెనకాల తగిలించుకుని ఊళ్లు తిరుగుతున్నారట. మంచం, వంటగది, స్నానాల గది, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ ఆ ఇంట్లోనేనట. దాని పేరు ట్రైలరట. ఆయన చూశారు, మురిశారు, ఒకటి తెప్పించేశారు. అది ఓడెక్కి, రేవులో దిగి, పెద్ద లారీ మీద పడుకుని, గోదావరి ఒడ్డునున్న ప్రాంతీయ కార్యాలయం ఆవరణలోకి వచ్చి చేరింది. పొడుగు ముప్ఫై రెండు అడుగులు. చక్రాలు నాలుగూ నడుం దగ్గర ఉన్నాయి. ముందు భాగం మాత్రం నీళ్లు తాగబోయే బాతు మెడలాగా వంగి, రెండు ఇనప కాళ్ల మీద నిలబడింది. ఆ మెడ పోయి ఓ పికప్ ట్రక్కు తొట్టిలో, సరిగ్గా వెనక ఇరుసు మీద కూచోవాలి. అప్పుడుగాని అది అంగుళం కదలదు. దాన్ని మారేడుమిల్లి కొండ మీద పెట్టి యాత్రికులకు అద్దెకివ్వాలని సంకల్పం.

లారీవాడు దాన్ని దించేసి, టీ తాగి, తన దారిన తాను పోయాడు. లాగే ట్రక్కేదీ అని అప్పుడు వెతుక్కున్నారు. ఆ సంగతి నూట ఎనభై ఒకటో పేజీలో ఉండాల్సింది కాబోలు, ఫైలు నూట ఎనభైతో అయిపోయింది.

ట్రక్కును ఎంచే పని సూపరింటెండెంటు చిక్కాల తాతబ్బాయి నెత్తిన పడింది.

తాతబ్బాయికి ఉద్యోగంలో ఇంక ఏడు నెలలే ఉంది. ఆయన పైనున్న అసిస్టెంట్ డైరెక్టరు పోస్టు, ఆఫీసు భాషలో ఏడీ, మూడేళ్లుగా ఖాళీ. అది గెజిటెడ్ ఉద్యోగం. సీనియారిటీ జాబితాలో మొదటి పేరు తాతబ్బాయిదే. దిగిపోయే లోపల ఒక్కరోజైనా ఆఫీసరు అనిపించుకోవాలని ఆయన కోరిక అనుకుంటే పొరపాటు. ఆ కోరిక ఆయన భార్య మంగతాయారుది. ఆవిడ అక్కగారి భర్త ధర్మయ్య వేరే శాఖలో ఏడీగా రిటైరయ్యాడు. బారసాలైనా, గృహప్రవేశమైనా, ఆఖరికి పెద్దకర్మ భోజనాల దగ్గరైనా సరే, “ఈయన మా తోడల్లుడండి, నాన్ గెజిటెడ్డు” అని పక్కవాళ్లకి పరిచయం చేసేవాడు. వినేవాళ్లు అదేదో తగ్గని జబ్బనుకుని, “అయ్యో పాపం, ఎన్నాళ్లనుంచీ?” అని అడిగేవాళ్లు.

“ఏవండీ, ఏడంటే ఏడు నెలలుంది. మా బావ నోరు ఒక్కసారి మూయించారంటే నాకు కాశీకెళ్లినంత పుణ్యం” అనేది మంగతాయారు, రోజూ క్యారేజీ కడుతూ.

“పోస్టు ఖాళీగానే ఉందే. ఫైలు కదలాలి గదా” అనేవాడు తాతబ్బాయి.

“కదపండి మరి. ముప్ఫై నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల ఫైళ్లన్నీ మీరేగా కదుపుతున్నారు.”

తాతబ్బాయి చదివింది పల్లెటూరి బడి. అయితే వాళ్ల నాన్న పశువుల సంతలో పేరున్న బేరగాడు. ఎద్దు పళ్లు చూడకుండా నడక చూసి వయసు చెప్పేవాడు. అంచేత బండి విద్య తాతబ్బాయికి ఒంట్లోనే ఉంది. ఆఫీసు డ్రైవరు, మెకానిక్కు కూడా తానే అయిన నూకరాజుని వెంటబెట్టుకుని ట్రైలరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దాని మెడ కింద నిలబడి పైకి చూశాడు.

“మొత్తం అయిదున్నర టన్నులండి సూపర్నెంటు గారూ” అన్నాడు నూకరాజు, రేకు మీద రాసింది చదివి.

“మొత్తం ఎవడిక్కావాలోయ్! మెడ మీద ఎంత పడతాదో చూడు. బండి వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుకి ఉరేసినట్టుంటాది. ముందు బరువైతే ఎద్దు మోకాళ్ల మీద పడిపోతాది. మెడ మీద పడేది మోయగలిగినోడే బండిని లాగగలడు.”

“మెడ మీద టన్ను పైనే ఉందండి.”

“మరింకేం. వెనక జంటచక్రాలున్న ట్రక్కు కావాలి. కొక్కెం ఇరుసు మీదే ఉండాలి. కొండ దిగేటప్పుడు ఈ ఇంటి బ్రేకులు కూడా డ్రైవరు కాలి కిందే ఉండాలి. లేదంటే యాత్రికులు మంచం మీద పడుకునే తిన్నగా స్వర్గానికెళ్తారు.”

ఆ మాటల్నే కాస్త మర్యాదగా మార్చి ఒకటిన్నర పేజీ నోటు రాశాడు. ఫలానా రకం ట్రక్కు, ఫలానా చోట దొరుకుతుంది, ఇంత అవుతుంది. ప్రాంతీయ సంచాలకులు దంతులూరి గోపాలరాజు గారు ఆ నోటును వెనక్కి తిప్పి కూడా చూశారు. “ఇంతేనా? ఇంత చిన్న నోటుని పైవాళ్లు నమ్ముతారంటారా తాతబ్బాయి గారూ?” అని బెంగపడి, సంతకం పెట్టి ఆర్థికాధికారి ఓలేటి విశ్వపతి గారికి పంపారు.

మూడు వారాలకు నోటు తిరిగొచ్చింది. చివర ఎర్ర సిరాతో ఇలా ఉంది: “వాహన నియమావళి అనుబంధము మూడు ప్రకారము వాహనము అధికారికి మాత్రమే, వారి హోదాననుసరించి మంజూరు చేయదగును. సదరు ట్రక్కును వినియోగించు అధికారి ఎవరు? వారి హోదా ఏమి?”

తాతబ్బాయి రాశాడు: “అధికారి ఎవరును లేరు. ట్రైలరు వినియోగించును.”

ఇంకో మూడు వారాలకు జవాబొచ్చింది: “సదరు ట్రైలరు హోదా ఏమి?”

తాతబ్బాయి ఇక కాగితాలతో లాభం లేదని స్వయంగా విశ్వపతి గారి గదిలోకి వెళ్లాడు. విశ్వపతి సన్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. నియమావళి బల్ల మీద కాక ఒళ్లో పెట్టుకుంటాడు, మనవణ్ణి కూచోబెట్టుకున్నట్టు.

“అది ట్రైలరండి బాబూ. దానికి హోదా ఏంటండి?”

“అదే నేనూ అడుగుతున్నాను తాతబ్బాయి గారూ. హోదా లేనివాడికి వాహనం ఎలా ఇస్తామండీ? రేపు ఆడిట్టువారొచ్చి, ఎవరీ ట్రైలరు, ఏ కేడరు అంటే మీరు చెబుతారా, నేను చెప్పనా?”

“పోనీ మీ పేరు మీదో, పెద్దాయన పేరు మీదో కొనండి.”

“నాకు నా హోదాకి తగ్గ కారుంది. పెద్దాయనకి రెండున్నాయి. మూడోది ఇవ్వడానికి నియమం ఒప్పదు. వినియోగించేది ట్రైలరైనప్పుడు హోదా ట్రైలరుకే ఉండాలి. ఇందులో అర్థం కానిదేముందండీ?”

అర్థం కానిదేమీ లేదు. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు గోపాలరాజు గారు సమావేశం పెట్టారు. జీడిపప్పు వచ్చింది, కాఫీ వచ్చింది, చివరికి ఆలోచన కూడా వచ్చింది.

“మన దగ్గర ఖాళీగా ఉన్న వాహనార్హత గల పోస్టేదండీ?” అన్నారు రాజుగారు.

“అసిస్టెంట్ డైరెక్టరు, ఒకటి” అన్నాడు విశ్వపతి.

తాతబ్బాయి కాఫీ కప్పు కింద పెట్టి, కుర్చీలో ముందుకి జరిగాడు.

“ఆ పోస్టులో ట్రైలరును తాత్కాలికంగా సర్దుబాటు చేద్దాం. వాహనం రాగానే రద్దు చేద్దాం. ఏమంటారు తాతబ్బాయి గారూ? పెద్దవారు, సంస్థ కోసం ఆమాత్రం త్యాగం చెయ్యలేరా?”

సమావేశంలో అందరూ తాతబ్బాయి త్యాగాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మంగతాయారు విన్నది. గరిట కంచంలోనే వదిలేసింది.

“ఒక డబ్బా మీకన్నా ముందు ఆఫీసరైందా?”

“తాత్కాలికమేనంటున్నారే.”

“దానికి పెళ్లాం లేదు కాబట్టి ఇంటికెళ్లి సమాధానం చెప్పుకోక్కర్లేదు. మీకుందిగా!”

ట్రైలరుకు సర్వీసు రిజిస్టరు తెరిచే పని కూడా తాతబ్బాయిదే. జన్మదినం, కర్మాగారం నుంచి బయటికొచ్చిన తేదీ. పుట్టుమచ్చలు, ఎడమ పక్క రేవులో గొలుసు గీరుకున్న గీత ఒకటి, వెనక దీపం పక్కన సొట్ట ఒకటి. స్థానికత దగ్గర విశ్వపతి పట్టుబట్టి “స్థానికేతర” అని రాయించాడు. విద్యార్హతలు గడిలో ఏమీ లేకపోతే బాగుండదని రాజుగారు “విదేశీ శిక్షణ” అని చేర్చమన్నారు. వేలిముద్రకు మాత్రం చక్రం కింద నల్ల సిరా పూసి ముద్ర తీయాల్సి వచ్చింది. ఆ ముద్ర రిజిస్టరు దాటి, బల్ల దాటి, గుమాస్తా చొక్కా మీదికెక్కింది.

ఏడీకి మంజూరైన వాహనం నెల తిరక్కుండా వచ్చింది. నియమావళిలో ఆ హోదాకి రాసి ఉన్నది చిన్న కారు.

నూకరాజు దాన్ని చూసి నవ్వాడు. తరవాత ఏడుపుమొహం పెట్టాడు. “దీంతో ఆ ఇల్లు లాగడవంటే మేకపిల్లకి కాడి కట్టినట్టేనండి.”

“క్షేత్రస్థాయిలో పరీక్షించకుండా అభిప్రాయాలు చెప్పరాదు” అన్నారు రాజుగారు.

పరీక్షించారు. కారును మెడ కింద పెట్టి, ఇనప కాళ్లను మెల్లగా పైకి తిప్పారు. మెడ కిందికి దిగింది. ముందు కారు కప్పు మీద ఆనింది. తరవాత కప్పు ఉన్నచోట ఆనింది. చివరికి సీటు మీద కూచుంది. కారు గుడ్లు పొదిగే కోడిలా నేలకి అతుక్కుపోయి, అద్దాలన్నీ కక్కేసి, హారన్ ఆపకుండా మోగించింది. ఆ హారన్ మూడు గంటలు మోగింది, బ్యాటరీ చచ్చేదాకా. పడవ రేవులో జనం ఏదో స్టీమరొస్తోందనుకుని టిక్కెట్ల కోసం వరస కట్టారంటే నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

నివేదికలో రాజుగారు ఇలా రాయించారు: “పరీక్ష పాక్షికముగా విజయవంతము. ట్రైలరుకు ఎట్టి నష్టమూ వాటిల్లలేదు.”

ఇప్పుడు దారి ఒక్కటే. పెద్ద వాహనం కావాలంటే పెద్ద హోదా కావాలి. డిప్యూటీ డైరెక్టరు, అంటే డీడీ అయితే, సంచాలకుల ప్రత్యేక సడలింపుతో ట్రక్కు ధర అందుతుంది.

ఈసారి తాతబ్బాయి ఎగిరి గంతేశాడు. ట్రైలరు డీడీ అయితే ఏడీ కుర్చీ ఖాళీ! జీవితంలో ఎవరి ప్రమోషను కోసమూ ఆయన అంత కష్టపడలేదు, తన దానికోసం కూడా. ట్రైలరు రహస్య నివేదిక తానే కూచుని రాశాడు. పని వేళల్లో ఎన్నడూ సీటు విడిచి వెళ్లలేదు. కింది ఉద్యోగులతో ఒక్క మాట తూలలేదు. ఎవరి దగ్గరా దమ్మిడీ పుచ్చుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన చాలా రహస్య నివేదికలు రాశాడుగాని, ప్రతి అక్షరం నిజమైనది ఇదొక్కటే.

“శాఖాపరమైన పరీక్ష పాసవలేదు కదండీ?” అన్నాడు విశ్వపతి.

“విదేశీ శిక్షణ ఉంది. మినహాయింపు” అన్నారు రాజుగారు.

అదే పరీక్ష ఆరుసార్లు తప్పి ఏడోసారి గట్టెక్కిన తాతబ్బాయి, “న్యాయవేనండి” అన్నాడు.

ట్రైలరు డీడీ అయింది. తలుపుకి నల్ల బోర్డు మీద తెల్ల అక్షరాలతో హోదా రాయించారు. తలుపు పక్కన స్టూలు వేసి బంట్రోతుని కూచోబెట్టారు. ఇంక జనం రావడం మొదలెట్టారు. స్టూలు మీద బంట్రోతు ఉంటే లోపల ఆఫీసరుంటాడని మనవాళ్లకి ఒకరు చెప్పాలా! పడవల కాంట్రాక్టరు ఒకాయన లోపలికెళ్లి గంటన్నర తన గోడంతా చెప్పుకుని, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“మహానుభావుడండి. నా మాటకి ఒక్కసారీ అడ్డు రాలేదు. రేపు రా అనీ అనలేదు” అన్నాడు.

ఆగస్టు పదిహేనున ఉత్తమ అధికారి ప్రశంసాపత్రం ఎవరికివ్వాలని చూస్తే, ఫిర్యాదు లేని అధికారి ఒక్కరే కనిపించారు. శాలువా మెడ మీద కప్పితే సరిపోలేదు. ఇంకో రెండు తెచ్చి కుట్టారు.

తాతబ్బాయి మాత్రం తన ఫైలు పట్టుకు తిరుగుతున్నాడు. ఏడీ పోస్టు ఖాళీ అయింది, పేరు మొదట్లో ఉంది, ఇంకేం కావాలి? పై అధికారి సిఫార్సు కావాలి. ఏడీకి పై అధికారి డీడీ. ఫైలును పళ్లెంలో పెట్టుకుని ట్రైలరు మెట్లెక్కి, లోపల భోజనాల బల్ల మీద పెట్టి వచ్చాడు. ముప్ఫై రోజులు ఎదురు చూశాడు. విశ్వపతి దగ్గరికెళ్లాడు.

“డీడీ గారు ఏమీ అనలేదండి. మౌనం అర్ధాంగీకారం అన్నారు గదా పెద్దలు.”

విశ్వపతి కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. “నిజమే. అర్ధాంగీకారం వచ్చినట్టు నమోదు చేసుకుంటాను. మిగతా అర్ధం ఎప్పుడొస్తుంది?”

ఈలోగా ట్రక్కు వచ్చేసింది. తాతబ్బాయి అడిగిన ట్రక్కే. వెనక జంటచక్రాలు, ఏనుగు పిల్లలాంటి ఇంజను. నూకరాజు దాని చుట్టూ తిరిగి, టైరు మీద చరిచి, “గిత్తండి, గిత్త!” అన్నాడు. కొక్కెం బిగించడానికి తొట్టిలో గుర్తులు కూడా పెట్టుకున్నాడు. అంతలో విశ్వపతి టేపు పట్టుకుని వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు.

“ఇందులో డీడీ గారి సీటేదీ?”

“డీడీ గారు కూచోరండి. వెనకాల తగులుకుని వత్తారు” అన్నాడు నూకరాజు.

“అధికారి వాహనంలో ఆసీనులు కావాలి. వాహనాన్ని పట్టుకుని వేలాడడం హోదాకు భంగకరం. పైగా ఇది కూరగాయలు తోలే బండిలా కనపడుతోంది.”

వారంలో తొట్టి నిండా ఎర్ర సోఫా వచ్చింది. దాని వీపు మీద తెల్ల తువ్వాలు వచ్చింది. పైన గుడారం, గుడారానికి కుచ్చులు. రాజుగారు స్వయంగా కూచుని చూసి బాగుందన్నారు.

“అయ్యా, ఆ సోఫా ఉన్న చోటే కొక్కెం కూచోవాలండి!” అని మొత్తుకున్నాడు నూకరాజు.

“కొక్కెం అక్కడ కూచుంటే అధికారి ఎక్కడ కూచుంటారయ్యా?”

నూకరాజు తాతబ్బాయి వంక చూశాడు. తాతబ్బాయి ఆకాశం వంక చూశాడు.

దసరా వెళ్లింది. పైనుంచి పెద్దాయన ఫోను చేశారు. ట్రైలరు ఇంకా కొండెక్కలేదా అని మండిపడ్డారు. అధికారిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపాలంటే ఆఫీసుకి తెలిసిన మార్గం బదిలీ. వెంటనే ట్రైలరును మారేడుమిల్లికి బదిలీ చేసి, ఉత్తర్వును తలుపుకి అతికించారు. ఎనిమిది రోజుల్లో అక్కడ చేరాలి. ఎనిమిది రోజులూ గడిచాయి. డీడీ గారు కదల్లేదు. తొమ్మిదో రోజు సంజాయిషీ అడిగారు. జవాబు లేదు. పదో రోజు సస్పెండు చేశారు.

సస్పెన్షను ఉత్తర్వులో ఆఖరి వాక్యం ఇది: “విచారణ ముగియు వరకు సదరు అధికారి ముందస్తు అనుమతి లేకుండా కేంద్రస్థానము విడిచి వెళ్లరాదు.”

ఊళ్లు తిరగడానికే పుట్టిన ఇల్లు! దానికి ఊరు దాటరాదని ఆజ్ఞ. పక్కన దాన్ని లాగడానికే పుట్టిన ట్రక్కు, నెత్తిన సోఫా. వాన కురిస్తే ఆవరణలోని కుక్కలు ఆ సోఫా మీద, తువ్వాలుకి జారబడి పడుకునేవి. వాటికి ఏ హోదా లేదు గనక ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇంక తాతబ్బాయికి పన్నెండు రోజులే ఉంది. డీడీ సస్పెన్షనులో ఉన్నంత కాలం ఏ సిఫార్సూ ఉండదు, ఏ ప్రమోషనూ ఉండదు. మంగతాయారు అడగడం మానేసింది. అది మరీ కష్టంగా ఉంది. క్యారేజీ కట్టి, మాట్లాడకుండా గుమ్మంలో పెట్టేది. ఓ సాయంత్రం ధర్మయ్య వచ్చి, “తమ్ముడూ, సన్మాన పత్రంలో హోదా ఏం రాయించమంటావు? చోటు కొంచెమే పడుతుందిలే, సూపరింటెండెంటంతే గదా” అన్నాడు. ఆవిడ లేచి లోపలికెళ్లి, ఖాళీ గిన్నెలు తోమడం మొదలెట్టింది.

ఆఖరి రోజుకి ముందు రోజు రాజుగారు కబురు పెట్టారు. గదిలో విశ్వపతి కూడా ఉన్నాడు.

“విచారణ చెయ్యాలండీ” అన్నారు రాజుగారు. “డీడీని విచారించాలంటే పై హోదా ఉండాలి, సస్పెండు చేసిన నేనే చెయ్యకూడదు. అంటే జాయింట్ డైరెక్టరు. మనకున్న ఇద్దరు జేడీలూ ఈ ఫైలు చూడగానే సెలవు మీద వెళ్లారు. ఒకాయనకి నడుం, ఇంకొకాయనకి తీర్థయాత్ర.”

“అంచేత రేపు ఒక్కరోజుకి మిమ్మల్ని జేడీని చేస్తున్నాం” అన్నాడు విశ్వపతి. “సాయంత్రం ఐదింటికి మీరెలాగూ రిటైరవుతారు. ముందు ముందు ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

తాతబ్బాయి వేళ్ల మీద మెట్లు లెక్కపెట్టుకున్నాడు. ఏడీ కాదు, డీడీ కాదు, ఏకంగా జేడీ!

“ఉత్తర్వు కాగితం...”

“తరవాత ధ్రువీకరిస్తాం లెండి. మాట చాలదా?”

మర్నాడు పదిన్నరకి జేడీ తాతబ్బాయి గారు ఉతికిన పంచె, కొత్త చొక్కాతో వచ్చారు. నూకరాజు ట్రైలరు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని ఉన్నాడు.

“బాబుగారూ, ఇయ్యాల మీ చేతిలో కలముంది. ఇది బండి, ఆఫీసరు కాదు అని ఒక్క ముక్క రాసెయ్యండి. పీడా పోతాది. సోఫా పీకేసి మధ్యాన్నానికల్లా కొండెక్కించేత్తాను.”

“రాసెయ్యొచ్చురా. అది బండైతే డీడీ కాదు. డీడీ కాకపోతే విచారణే లేదు. విచారణ లేకపోతే నేను జేడీని కాదు. పది ముప్ఫైకి ఎక్కి పది ముప్ఫై రెండుకి దిగిపోవాలి.”

నూకరాజు బుర్ర గోక్కున్నాడు. “పోనీ ఆఫీసరేనని రాసెయ్యండి.”

“అలా రాస్తే ఇది ఈ ఆవరణలోనే తుప్పు పడతాది. సస్పెన్షను మీద సస్పెన్షను, విచారణ మీద విచారణ. నీ మనవలు దీనికి జీతం బిల్లు రాస్తారు.”

తాతబ్బాయి లోపలికెళ్లి భోజనాల బల్ల ముందు కూచున్నాడు. నియమం ప్రకారం నేరారోపణ మూడుసార్లు చదివి వినిపించాడు. నిందితులు ఒప్పుకోలేదు, కాదనలేదు. కిటికీలోంచి ట్రక్కు కనిపిస్తోంది. సోఫా మీద ఓ కుక్క ఆవులించింది. పన్నెండయింది. క్యారేజీ విప్పి తిన్నాడు. అడుగు గిన్నెలో, చెప్పకుండా, మంగతాయారు పూర్ణాలు పెట్టింది. రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ముప్ఫై నాలుగేళ్లలో తాను చదివిన నియమాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాటిలో ఒకటి ఆగి, నిలబడింది.

పూర్ణం నోట్లో వేసుకుని, చెయ్యి కడుక్కుని, రాశాడు.

“విచారణలో తేలిన అంశము: సదరు డిప్యూటీ డైరెక్టరు మిక్కిలి నిజాయితీపరులు. కదలలేకపోవుట శారీరక స్వభావమే గాని అవిధేయత కాదు. కదలలేని అధికారిని కొనసాగించుట సంస్థకు భారము కావున ఈ రోజు నుండి నిర్బంధ పదవీ విరమణ చేయించడమైనది. విశ్రాంత అధికారి తన గృహ సామగ్రితో స్వస్థలము చేరుటకు ఒకసారి సామాను రవాణా వాహనము పొందుటకు అర్హులు. సదరు అధికారియే తన గృహము. స్థానికేతరులు కావున, చివరి బదిలీ స్థలమైన మారేడుమిల్లియే వీరి స్వస్థలముగా భావించవలెను. కార్యాలయ ట్రక్కును సామాను వాహనముగా మార్చి, నేడే సాగనంపవలెను.”

కింద సంతకం, దాని కింద హోదా: జాయింట్ డైరెక్టరు. ఆ రెండు మాటలూ కాస్త పెద్దగానే రాశాడు.

విశ్వపతి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. నియమావళి ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టి వెతికాడు. అనుబంధం తొమ్మిది, రెండో పేరా. ఉంది.

“సక్రమంగానే ఉంది” అన్నాడు, పన్ను నొప్పిలాంటి గొంతుతో.

నూకరాజుకి సోఫా పీకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కుక్కల్ని ఒప్పించడానికి ఇంకో పది. ట్రక్కుతో వచ్చి మూలపడున్న కొక్కేన్ని ఇరుసు మీద బిగించి, వెనక్కి వెనక్కి వచ్చి, మెడ కింద నిలబెట్టాడు. ఇనప కాళ్లు లేచాయి. మెడ దిగి ఖణేల్మని కూచుంది. ట్రక్కు ఒకసారి కుంగి, మళ్లీ కాళ్లు నిలదొక్కుకుంది.

“కుదిరిందండి!” అని కేకేశాడు నూకరాజు.

నాలుగున్నరకి అది గేటు దాటింది. ఆఫీసంతా వరండాలోకి వచ్చి చూసింది. ఆ ఆవరణలో అడుగుపెట్టిన తరవాత కదిలిన మొదటి వస్తువు అదేనేమో, కొందరికి కళ్లు చెమర్చాయి.

ఐదింటికి తాతబ్బాయి రిటైరయ్యాడు. ఒక్కరోజు ఉద్యోగానికి ఉత్తర్వు మాత్రం అడిగితే, ధ్రువీకరణ కోసం పైకి పంపామన్నారు. వారం తరవాత అడిగితే, అలాంటి ప్రతిపాదన ఏదీ కనపడలేదన్నారు. ధర్మయ్య అందరికీ చెప్పాడు: “మా తమ్ముడికి ఆఖర్లో కాస్త మతి చలించిందండి. జేడీగా చేశానంటాడు. కాగితం చూపించమంటే లేదంటాడు.”

తాతబ్బాయి పూర్ణం తిన్న రోజుని తలుచుకుని లోలోపల నవ్వుకున్నాడు. కాని మంగతాయారు నవ్వలేదు.

నెలన్నరకి ఇంటికి రిజిస్టరు పోస్టులో ఓ కవరొచ్చింది. విశ్వపతి గారి సంతకం. తాతబ్బాయి చదివి, మొహం మాడ్చుకుని బల్ల మీద పడేశాడు. మంగతాయారు తీసుకుని, కూడబలుక్కుని, పైకి చదివింది.

“శ్రీ చిక్కాల తాతబ్బాయి, విశ్రాంత జాయింట్ డైరెక్టరు గారికి. విషయము: సంజాయిషీ కోరుట. తమరు జాయింట్ డైరెక్టరు హోదాలో యుండగా, ఫైలు అందిన రోజుననే దానిని పరిష్కరించి, కార్యాలయ సంప్రదాయమునకు విరుద్ధముగా ప్రవర్తించినట్లు మా దృష్టికి వచ్చినది. ఇంత తొందరపడుటకు గల కారణములను ఏడు రోజులలో తెలుపవలెను.”

“చూశావా, రిటైరైనా వదల్లేదు. ఏం రాయాలో ఏంటో...” అన్నాడు తాతబ్బాయి.

మంగతాయారు వినడం లేదు. ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టి, మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది. తరవాత చెప్పులేసుకుని బజారుకెళ్లింది.

సాయంత్రానికి ఆ సంజాయిషీ నోటీసు బంగారు రంగు ఫ్రేములో, అద్దం కింద, ముందు గదిలో గోడెక్కింది. సరిగ్గా ఎక్కడంటే, ధర్మయ్య వచ్చినప్పుడల్లా కూచునే కుర్చీకి ఎదురుగా.

“తాయారూ, అది నా మీద వచ్చిన అభియోగమే!” అన్నాడు తాతబ్బాయి.

“ఉండనివ్వండి” అంది ఆవిడ, ఫ్రేము మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ. “మా బావకి రావాలంటే వస్తుందా?”